న్యూట్రల్ కొడితే మిగిలేదెంత?

(రోడ్డు భద్రతా మాసోత్సవాల్లో భాగంగా లారీ, బస్సు, ఆటో, కారు డ్రైవర్లకు నిర్వహించిన శిక్షణ శిబిరంలో, ఆర్టీసీలో డ్రైవర్లకు శిక్షణ ఇచ్చి రిటైరైన ఇన్‌స్ట్రక్టర్ చేసిన ప్రసంగ పాఠం. సభలో వచ్చిన ప్రశ్నలు, జవాబులు కూడా ఇందులో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో లారీ ఓనర్లు కూర్చున్నారు, వెనక డ్రైవర్లు ఉన్నారు. ఈరోజు మాట్లాడుకునేది ఇద్దరికీ సంబంధించిన విషయం. కాబట్టి ఓనర్లు దయచేసి మధ్యలో లేచి వెళ్లొద్దు. చివర్లో మీతో విడిగా ఒక మాట ఉంది.

డీజిల్ ఆదా చేసే డ్రైవింగ్ గురించి చెప్పమన్నారు. ఆ మాట ఎత్తగానే మన రోడ్ల మీద అందరికీ ముందు గుర్తొచ్చేది ఒక్కటే. డౌన్ రాగానే గేరు తీసేసి న్యూట్రల్ కొట్టడం, ఇంకాస్త ధైర్యం ఉన్నవాళ్లయితే ఇంజన్ కూడా ఆపేయడం. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే ఘాట్‌లో ఇది చూస్తాం. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగేటప్పుడు చూస్తాం. లంబసింగి దిగేటప్పుడు, అరకు నుంచి అనంతగిరి మీదుగా శృంగవరపుకోటకు వచ్చేటప్పుడు చూస్తాం. రాత్రిపూట మలుపు అవతల లైట్లు కనిపిస్తాయి, ఇంజన్ చప్పుడు మాత్రం వినిపించదు. అలా వచ్చే బండి ఏ స్థితిలో ఉందో ఇక్కడ కూర్చున్న వాళ్లలో చాలామందికి తెలుసు.

అలా చేసేవాళ్లను తెలివితక్కువ వాళ్లని నేను అనను. వాళ్లలో చాలామంది నాకంటే ఎక్కువ కిలోమీటర్లు తోలినవాళ్లు. ఈ అలవాటుకు ఒకప్పుడు కారణం కూడా ఉంది. పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్ ఉన్న పాత పెట్రోలు బండ్లలో యాక్సిలరేటర్ వదిలినా, బండి గేరులో ఉండి ఇంజన్ తిరుగుతున్నంతసేపు అది పెట్రోలు లాగుతూనే ఉండేది. టూ స్ట్రోక్ స్కూటర్లలో ఇంకో బాధ ఉండేది. వాటికి ఇంజన్ ఆయిల్ పెట్రోలుతో పాటే వెళ్లాలి. పొడుగాటి డౌన్‌లో రేస్ మూసేసి గేరులో దిగితే పెట్రోలుతో పాటు ఆయిలూ తగ్గిపోయి ఇంజన్ పట్టేసే ప్రమాదం ఉండేది. కాబట్టి క్లచ్ పట్టుకుని దింపమని పెద్దవాళ్లు చెప్పేవారు. ఆ రోజులకు ఆ మాట సరిపోయింది. తరవాత బండ్లు మారిపోయాయి, అలవాటు మాత్రం గురువు నుంచి శిష్యుడికి, డ్రైవరు నుంచి క్లీనరుకు అలాగే వచ్చేసింది.

ఇప్పుడున్న బండి సంగతి చూద్దాం. పొగ నిబంధనల ప్రకారం బీఎస్-6 బండి కావచ్చు, బీఎస్-4 కావచ్చు, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లను కంప్యూటర్ నడిపే ఏ బండైనా కావచ్చు. బండి గేరులో ఉంది, మీరు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేశారు. ఇంజన్ ఐడిలింగ్ కంటే, అంటే రేస్ ఇవ్వకుండా ఊరికే తిరిగే స్పీడు కంటే, ఎక్కువ స్పీడులో తిరుగుతోంది. ఆ క్షణంలో కంప్యూటర్ ఇంజెక్టర్లను మూసేస్తుంది. డీజిల్ చుక్క కూడా పోదు. అయినా ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే దాన్ని తిప్పుతున్నది చక్రాలు. పాత బండి వాళ్లు మాకిది వర్తించదు అనుకోవద్దు. మెకానికల్ పంపు ఉన్న పాత డీజిల్ లారీల్లో కూడా, ఇంజన్ స్పీడును అదుపు చేసే గవర్నర్ ఇదే పని చేస్తుంది. రేస్ వదిలి గేరులో దిగేటప్పుడు అది డీజిల్‌ను ఆపేస్తుంది. ఇంజన్ స్పీడు ఐడిలింగ్ దాకా పడిపోయాకే మళ్లీ వదులుతుంది.

ఇప్పుడు అదే డౌన్‌లో న్యూట్రల్ కొట్టారనుకోండి. చక్రాలకూ ఇంజన్‌కూ సంబంధం తెగిపోయింది. ఇంజన్ ఆగకుండా ఉండాలంటే దానికి మళ్లీ డీజిల్ పోయాలి. అంటే డీజిల్ మిగల్చడానికి న్యూట్రల్ కొట్టిన మనిషి, అప్పటిదాకా మూసి ఉన్న డీజిల్‌ను తన చేత్తో తానే తెరిచాడు.

ఈ మధ్య వచ్చిన కార్లలో డాష్‌బోర్డు మీద అప్పటికప్పుడు మైలేజీ చూపించే మీటరు ఉంటుంది. కారు ఉన్నవాళ్లు డౌన్‌లో టాప్ గేరులో కాలు తీసినప్పుడు పక్క సీట్లో ఉన్న మనిషిని దాన్ని చూడమనండి. మీటరు చివరికంటా పోతుంది. న్యూట్రల్ వేసినప్పుడు అక్కడి నుంచి కిందికి దిగుతుంది. చూడాల్సింది పక్కనున్న మనిషి, మీరు రోడ్డు చూడాలి.

(సభలో ఒకరు: "ఇంజనే ఆపేస్తే ఐడిలింగ్ డీజిల్ కూడా మిగులుతుంది కదా సార్?")

అక్కడికే వస్తున్నాను తమ్ముడూ. నువ్వడిగింది న్యాయమైన ప్రశ్నే, లెక్కేసి చూద్దాం. ఇరవై కిలోమీటర్ల ఘాట్ ఉంది, గంటకు ముప్పై వేగంతో దిగుతున్నావు, నలభై నిమిషాలు పడుతుంది. లారీ ఇంజన్ ఐడిలింగ్‌లో గంటకు రెండు లీటర్లు తాగుతుందనుకుందాం, ఇది కాస్త ఎక్కువ వేసిన లెక్కే. నలభై నిమిషాలకు లీటరూ పావుకు పైన, లీటరున్నర లోపు. కారైతే అర లీటరు. ఇంజన్ ఆపినందుకు నీకు మిగిలేది అంతే. అది కూడా న్యూట్రల్లో ఐడిలింగ్‌తో దిగేవాడితో పోలిస్తేనే. గేరులో కాలు తీసి దిగేవాడితో పోలిస్తే? అతనికీ డీజిల్ పోవడం లేదు, నీకూ పోవడం లేదు. తేడా సున్నా. అతని చేతిలో బ్రేకు ఉంది, స్టీరింగ్ ఉంది, ఇంజన్ పట్టు ఉంది. నీ చేతిలో ఏమేం లేవో ఒక్కొక్కటీ చెబుతాను.

ముందు బ్రేకు. లారీకి, బస్సుకు బ్రేకు పట్టించేది గాలి. ఆ గాలిని నింపేది కంప్రెసర్, దాన్ని తిప్పేది ఇంజన్. ఇంజన్ ఆగితే కంప్రెసర్ ఆగింది. ఇక ట్యాంకుల్లో ఎంత ఎయిర్ ఉంటే అంతే నీ సొత్తు. కాలు వేసిన ప్రతిసారీ కొంత తగ్గుతుంది. మా శిక్షణలో దీన్ని నోటితో చెప్పి వదిలేవాళ్లం కాదు, బస్సు నిలబెట్టి చూపించేవాళ్లం. చదునైన యార్డులో బస్సు ఆపి, చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టాలి. ఇంజన్ నడిపి ఎయిర్ మీటరు నిండుగా చూపించేదాకా ఆగాలి. తరవాత ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లోనే ఉంచి, మలుపుల్లో నొక్కినట్టు పెడల్ నొక్కుతూ వదులుతూ ఉండాలి. నొక్కిన ప్రతిసారీ బుస్సుమని శబ్దం వస్తుంది, ముల్లు ఒక మెట్టు కిందికి దిగుతుంది. మొదట్లో ఏమీ అనిపించదు. నాలుగైదు సార్లు అయ్యాక సీట్లో ఉన్న కుర్రాడి ముఖం మారుతుంది. ఇంకా నొక్కమంటాం. ముల్లు ఎర్ర గీత దగ్గరికి రాగానే బజర్ మోగుతుంది. అప్పుడు అడిగేవాళ్లం, శ్రీశైలం ఘాట్‌లో మలుపులు ఎన్ని ఉన్నాయి, నువ్వు పెడల్ ఎన్నిసార్లు నొక్కావు అని. దానికి మళ్లీ పాఠం చెప్పాల్సిన పని ఉండేది కాదు.

ఈ పరీక్ష మీరూ చేయండి. డబ్బు ఖర్చు లేదు, ప్రమాదం లేదు, బండి కదలదు. ఎయిర్ ఎక్కడైనా లీకవుతుంటే అది కూడా ఇప్పుడే బయటపడుతుంది.

ఎయిర్ పూర్తిగా పడిపోతే ఏమవుతుందో బండిని బట్టి ఉంటుంది. స్ప్రింగ్ బ్రేకులున్న బండ్లలో వెనక చక్రాలు తమంతట తామే పట్టేస్తాయి. మంచిదే కదా అనిపిస్తుంది. డౌన్‌లో, మలుపు మధ్యలో, లోడు మీద ఉన్న బండికి వెనక చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుపోతే బండి ఎటు తిరుగుతుందో మీరే ఊహించండి. ఆ ఏర్పాటు లేని పాత లారీల్లో పెడల్ ఖాళీగా కిందికి పోతుంది.

కార్లకు ఎయిర్ బ్రేకు ఉండదు, బూస్టర్ ఉంటుంది. మీ కాలి బలాన్ని చాలా రెట్లు పెంచేది అదే. అది పనిచేయడానికి కావాల్సిన వాక్యూమ్ ఇంజన్ నుంచి గానీ, ఇంజన్ తిప్పే పంపు నుంచి గానీ వస్తుంది. ఇంటి ముందు కారు ఆపి ఉన్నప్పుడు, ఇంజన్ ఆఫ్‌లో బ్రేకు రెండు మూడు సార్లు నొక్కి చూడండి. ఆ తరవాత పెడల్ రాయిలా గట్టిపడిపోతుంది. అలాగే నొక్కిపట్టి స్టార్ట్ చేయండి, కాలు కింద పెడల్ మెల్లగా దిగుతుంది. దిగిందంటే బూస్టర్ బాగున్నట్టు. ఆ గట్టి పెడల్‌తో డౌన్‌లో కారు ఆపాలంటే రెండు కాళ్ల బలం పెట్టాలి. నలుగురు మనుషులు, లగేజీ ఉన్న కారులో, ఎదురుగా బస్సు వస్తున్నప్పుడు ఆ బలం ఎంతమందికి వస్తుంది?

ఇక వేడి సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఘాట్‌లో మనుషుల ప్రాణాలు తీసేది ఎక్కువగా ఇదే. మొత్తం బరువు 16 టన్నులున్న ఆరు చక్రాల లారీ 500 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందనుకోండి. ఆ ఎత్తులో దానికున్న శక్తి ఎక్కడికీ మాయమైపోదు, వేడిగా మారి తీరాలి. లెక్కగడితే అది రెండు లీటర్లకు పైగా డీజిల్ కాలిస్తే వచ్చే వేడి. గాలి, టైర్ల రాపిడి కొంత తీసుకుంటాయి. గేరులో ఉంటే ఇంజన్ పెద్ద భాగం తీసుకుంటుంది, ఇంజన్ పట్టును పెంచే ఎగ్జాస్ట్ బ్రేకు వేస్తే ఇంకా ఎక్కువ తీసుకుంటుంది. న్యూట్రల్లో ఉంటే మిగిలినదంతా నాలుగు బ్రేకు డ్రమ్ముల్లోకి పోవాలి. నాలుగు డ్రమ్ముల్లో లీటర్ల లెక్కన డీజిల్ పోసి అంటించినట్టు అన్నమాట. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, లోపల దానికి రాసుకుని చక్రాన్ని ఆపే లైనరుకూ దానికీ మధ్య దూరం పెరుగుతుంది, పెడల్ ఇంకా కిందికి పోవాలి. లైనరు కాలి వాసన వస్తుంది, పట్టు తగ్గుతుంది. పట్టు తగ్గిందని ఇంకా గట్టిగా నొక్కుతాం, ఇంకా వేడెక్కుతుంది. కింద ఊళ్లో "బ్రేకులు ఫెయిలయ్యాయట" అంటారు. ఆ బ్రేకులు పైన బయల్దేరినప్పుడు బాగానే ఉన్నాయి.

కాలిన డ్రమ్ముల మీద నీళ్లు పోయడం కూడా చూస్తుంటాను. దయచేసి ఆ పని చేయొద్దు. ఎర్రగా కాలిన పోత ఇనుము మీద చన్నీళ్లు పడితే డ్రమ్ము పగుళ్లు ఇస్తుంది. ఆ పగులు పైకి కనపడదు, తరవాతి ట్రిప్పులో తెలుస్తుంది. బండి పక్కకు ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, దానంతట అదే చల్లారేదాకా కూర్చోండి. కార్లవాళ్లు బ్రేకు ఆయిల్‌ను కంపెనీ చెప్పిన గడువుకు మార్పించండి. పాత ఆయిల్ తేమను పీల్చుకుని ఉంటుంది, ఘాట్ వేడికి మరిగి లోపల బుడగలు కడుతుంది. అప్పుడు పెడల్ స్పాంజిలా మెత్తగా లోపలికి పోతుంది, బ్రేకు పట్టదు.

ఎగ్జాస్ట్ బ్రేకు గురించి ఒక మాట. అది ఇంజన్ ద్వారా చక్రాలను పట్టుకునే బ్రేకు. ఇంజన్‌కూ చక్రాలకూ సంబంధం లేకపోతే అది పట్టుకోవడానికి ఏమీ ఉండదు. న్యూట్రల్లో స్విచ్ వేసినా వేయకపోయినా ఒకటే. కంపెనీవాడు ఘాట్ కోసమే పెట్టిన సాధనాన్ని ఘాట్‌లోనే చేజేతులా వదులుకుంటున్నాం.

తరవాత స్టీరింగ్. లారీల్లో, పాత కార్లలో చాలావాటిలో పవర్ స్టీరింగ్ పంపు తిరిగేది ఇంజన్‌తోనే. ఇంజన్ ఆగితే స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కుతుంది. హెయిర్‌పిన్ మలుపులో లోడు బండిని అలా తిప్పడం ఎంత కష్టమో తోలినవాళ్లకు తెలుసు. కార్లలో ఇంకో పెద్ద ప్రమాదం తాళం. ఇంజన్ ఆపుదామని తాళాన్ని పూర్తిగా వెనక్కి తిప్పి తీశారంటే స్టీరింగ్ లాక్ పడుతుంది. ఆ తరవాత మీరు డ్రైవరు కాదు, ప్యాసింజర్. ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉంటే, బ్రేకు నొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేయదు, ఎయిర్‌బ్యాగులు విచ్చుకుంటాయని నమ్మకం లేదు. ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో వేడిగా పరుగెడుతున్నప్పుడు దాన్ని అలా టక్కున ఆపితే దాని బేరింగులకు ఆయిల్ అందక అవీ పోతాయి. ఆటోమేటిక్ గేరు బండ్లలోనైతే గేరుబాక్సుకు ఆయిల్ అందించే పంపు ఇంజన్‌తో తిరుగుతుంది, ఇంజన్ ఆపి దొర్లిస్తే గేరుబాక్సే పాడవుతుంది. మిగిల్చిన లీటరున్నర డీజిల్ ఈ రిపేర్లలో ఏ మూలకు సరిపోతుంది?

అవసరమైతే మళ్లీ గేరు వేసుకుంటాలే అనుకుంటారు. ఇక్కడే చాలామంది మోసపోతారు. నూటికి ఐదు మీటర్ల వాలు ఉన్న రోడ్డు మీద, లోడు లారీని ఆగి ఉన్న చోటి నుంచి న్యూట్రల్లో వదిలేస్తే, బ్రేకు ముట్టకుండా కిలోమీటరు వెళ్లేసరికి వేగం ఎనభై దాటుతుంది. ఆ వేగంలో సెకండ్ గేరు పడదు, థర్డూ పడదు. గర్‌ర్‌మని పళ్లు రాసుకున్న చప్పుడు వస్తుంది, లివరు చేతిని వెనక్కి తోసేస్తుంది. గేరు పడేది వేగం తక్కువగా ఉన్నప్పుడే, అంటే డౌన్ మొదలవక ముందే. పైన, సమంగా ఉన్న చోట, బండిని బాగా నెమ్మది చేసి, ఆ ఘాట్‌ను లోడుతో ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులో వేసి దిగడం మొదలుపెట్టండి. బరువు ఎక్కువుంటే ఇంకో గేరు తగ్గించండి. ఎగ్జాస్ట్ బ్రేకు వేయండి. బ్రేకు పెడల్ మీద అదేపనిగా కాలు ఆనించి దించొద్దు. వేగం పెరిగినప్పుడు ఒకసారి గట్టిగా నొక్కి, బాగా తగ్గించి, పూర్తిగా వదిలేయండి. డ్రమ్ములకు మధ్యలో గాలి ఆడుతుంది. ఇరుకు రోడ్డయితే ఎక్కే బండికి దారి ఇవ్వాల్సింది దిగే బండే, నిబంధన అదే. దారి ఇవ్వాలంటే ముందు మీరు ఆపగలిగే వేగంలో ఉండాలి కదా.

తిరుమల ఘాట్‌లో దిగే బండ్లకు టోల్ గేటు దగ్గర టైమ్ వేస్తారు, ఇంత సమయం కంటే ముందే కిందికి వస్తే ఒప్పుకోరు. చాలామంది దాన్ని విసుక్కుంటారు. నాకు మాత్రం మిగతా ఘాట్లలో కూడా అది ఉంటే బాగుండుననిపిస్తుంది. దిగడానికి టైమ్ తీసుకునేలా చేస్తే సగం ప్రమాదాలకు మందు అక్కడే ఉంది.

సరే, మరి డీజిల్ ఎక్కడ మిగులుతుంది? ఈ ప్రశ్నకు మా ఆర్టీసీలో ఎప్పటి నుంచో జవాబు ఉంది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడో డ్రైవరు వారీగా లెక్క తీస్తారు, కేఎంపీఎల్ అంటాం. బస్సు లీటరుకు ఐదు కిలోమీటర్ల అటూ ఇటూ ఇస్తుంది. ఒకే డిపో, ఒకే రూటు, ఒకే బస్సు, ఇద్దరు డ్రైవర్లు. ఒకరికి ఎప్పుడూ ఎక్కువ వస్తుంది, ఒకరికి ఎప్పుడూ తక్కువ వస్తుంది. ఎక్కువ తెచ్చేవాళ్ల పక్కన కూర్చుని గమనించడం నా ఉద్యోగంలో భాగం. వాళ్లు న్యూట్రల్ కొట్టరు. వాళ్ల కళ్లు చాలా దూరంలో ఉంటాయి. రెండు ఫర్లాంగుల అవతల స్టాపులో మనుషులు నిలబడి ఉంటే అప్పుడే కాలు తీసేస్తారు. బస్సు గేరులోనే, డీజిల్ లేకుండా, తనంతట తాను నెమ్మదిస్తూ వస్తుంది. స్టాపు దగ్గర బ్రేకు ఇలా తాకితే చాలు. తక్కువ తెచ్చే డ్రైవరు స్టాపు దాకా రేస్ ఇచ్చి, అక్కడ బ్రేకు తొక్కుతాడు. అప్పటిదాకా పోసిన డీజిల్ అంతా లైనర్లలో కాలిపోయింది. రోజుకు ఎన్ని స్టాపులు, ఎన్ని గేదెలు, ఎన్ని స్పీడు బ్రేకర్లు! లెక్కంతా అక్కడుంది.

దీన్ని ఎలా సాధన చేయాలంటే, ముందు మీకు బాగా తెలిసిన, చదునైన, రద్దీ లేని రోడ్డు ఎంచుకోండి. అద్దంలో చూసి వెనక దగ్గరలో బండి లేదని నిర్ధారించుకోండి. దూరంగా కనిపించే ఒక గుర్తు పెట్టుకోండి, చెట్టో, కిలోమీటరు రాయో. టాప్ గేరులో కాలు తీసి, బ్రేకు వేయకుండా బండి ఎంత దూరం పోతుందో చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు ఒక దూరం వస్తుంది, లోడుతో ఇంకో దూరం వస్తుంది. కొన్నాళ్లకు ఆ దూరం మీ ఒంటికి అలవాటవుతుంది. ఇంజన్ వణికే దాకా టాప్‌లో ఉంచకండి, గేరు దించండి. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. కాలు తీసి నెమ్మదించేటప్పుడు బ్రేకు లైటు వెలగదు. వెనకవాడికి మీరు తగ్గుతున్నట్టు తెలియదు. వెనక బండి ఉంటే పెడల్‌ను లైటు వెలిగేంత మాత్రం తాకించండి.

రెండోది వేగం. గాలి తోసే బలం వేగంతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. అరవైలో పోయే బండి ఎనభైకి పెంచితే గాలిని చీల్చడానికే కిలోమీటరుకు ముప్పాతిక వంతు ఎక్కువ శక్తి కావాలి. పెట్రోలియం పొదుపు కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే పీసీఆర్‌ఏ సంస్థ కార్లవాళ్లకు 45 నుంచి 55 వేగం మంచిదని ఎప్పటి నుంచో చెబుతోంది. జాతీయ రహదారి మీద అంత నెమ్మదిగా పోవడం కుదరకపోవచ్చు, కానీ తొంభై నుంచి డెబ్బైకి దిగితే మీ ట్యాంకే మీకు చెబుతుంది. టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టరు, క్లచ్ మీద కాలు ఆనించి తోలకపోవడం, ఇవన్నీ మీకు తెలిసినవే, మళ్లీ చెప్పను. మిగిలిందో లేదో తెలియాలంటే మాత్రం ట్యాంకు నిండా పోయించి, మళ్లీ నిండా పోయించినప్పుడు లీటర్లూ కిలోమీటర్లూ రాసుకోండి. మీటరు ముల్లు చూసి వేసే అంచనాలను నమ్మొద్దు.

ఇంజన్ ఆపాలన్న కోరిక ఉంటే దానికీ సరైన చోటు ఉంది. విజయవాడ బెంజ్ సర్కిల్లోనో, హైదరాబాద్‌లో ఏ పెద్ద సిగ్నల్ దగ్గరో అర నిమిషం కంటే ఎక్కువ ఆగాల్సి వస్తే ఆపేయండి. గేటు పడినప్పుడు ఆపేయండి. లోడింగ్ దగ్గర, టీ కొట్టు దగ్గర గంటల తరబడి ఇంజన్ నడుపుతూ ఉంచుతారు చూడండి, ఘాట్ మొత్తంలో మిగిల్చామనుకున్న డీజిల్ ఆ ఒక్క గంటలో పోతుంది. బండి ఆగి ఉంది, హ్యాండ్ బ్రేకు వేసి ఉంది, ఇంజన్ ఆపండి. ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు.

ఇక ప్రశ్నలు అడగండి.

("సార్, ఘాట్ కాదు, చాలా చిన్న డౌన్. గేరులో ఉంటే బండి నెమ్మదించి ఆగిపోతుంది, న్యూట్రల్లో అయితే దొర్లుతూ పోతుంది. అప్పుడు న్యూట్రలే లాభం కదా?")

నీ మాటలో నిజం ఉందయ్యా, కాదనను. వాలు బాగా తక్కువగా ఉన్నప్పుడు ఇంజన్ పట్టు వల్ల బండి తగ్గిపోతుంది, న్యూట్రల్లో ఇంకొంచెం దూరం పోతుంది. వోల్వో ట్రక్కుల్లో ఐ-రోల్ అని ఇదే పని చేసే ఏర్పాటు ఉంది. కానీ దాన్ని చేసేది కంప్యూటర్. ఇంజన్ నడుస్తూనే ఉంటుంది, బ్రేకు తాకగానే గేరు మళ్లీ పడుతుంది, నిటారు డౌన్‌లో అది అసలు న్యూట్రల్‌కు పోదు. మన చేత్తో ఆ తూకం రాదు. ఆ చిన్న డౌన్‌లో టాప్ గేరులో ఉంచి, బొటనవేలితో తాకినంత రేస్ ఇవ్వు. నీకు వచ్చే తేడా చెంచాల్లో ఉంటుంది. డౌన్‌లో గేరు తీయడం చేతికి అలవాటు కావడం మాత్రం మంచిది కాదు. చిన్న డౌన్‌కూ పెద్ద డౌన్‌కూ చేతికి తేడా తెలియదు.

("మా అబ్బాయి యూట్యూబ్‌లో విదేశాలవాళ్లు ఇంజన్ ఆపి కారు దొర్లించడం చూసి తనూ చేస్తున్నాడండి. వాళ్లకు రెట్టింపు మైలేజీ వస్తుందట.")

అవునమ్మా, దాన్ని హైపర్‌మైలింగ్ అంటారు. 2008లో ముడిచమురు ధర ఆకాశానికి అంటినప్పుడు అమెరికాలో ఇది ఎంత ఊపందుకుందంటే, అక్కడి ఒక పెద్ద నిఘంటువు ఆ మాటను ఆ ఏడాది పదంగా ప్రకటించింది. వాళ్లు చేసేవాటిలో చాలా మంచివి ఉన్నాయి, ముందు చూపు, నెమ్మదైన రేస్, టైర్ల గాలి. ఇంజన్ ఆపి దొర్లించడం, లారీ వెనక ఆనుకుని పోవడం మాత్రం వాటిలో ప్రమాదకరమైనవి. మన రోడ్డు మీద మేకలు, ఎదురుగా రాంగ్ రూటులో వచ్చే బండ్లు ఉన్న చోట ఆ రెండూ చేయొద్దని చెప్పండి. ఇంకో మాట కూడా చెప్పండి. హైబ్రిడ్ కార్లు నడుస్తుండగానే ఇంజన్ ఆపుకుంటాయి, నిజమే. వాటిలో బ్రేకూ స్టీరింగూ కరెంటుతో పనిచేసేలా కట్టారు కాబట్టి అవి ఆపుకోగలవు. మీ అబ్బాయి కారును అలా కట్టలేదు.

("బైకుకి బూస్టరూ లేదు, పవర్ స్టీరింగూ లేదు. బైకు ఆపితే ఏమవుతుంది సార్?")

బ్రేకు పోదు, అది నిజం. ఆటోకూ అంతే, చాలావాటికి బూస్టర్ ఉండదు. కానీ ఇంజన్ పట్టు పోతుంది, మొత్తం బరువు ఆ చిన్న బ్రేకుల మీదే పడుతుంది. ఆటోలో వెనక బడి పిల్లలు కూర్చుని ఉన్నప్పుడు ఫ్లైఓవర్ మీద నుంచి ఆఫ్ చేసి దించడం నేను చూశాను, చూస్తూ ఊరుకోలేక ఆపి మాట్లాడాను కూడా. 2017 తరవాత వచ్చిన చాలా బైకుల్లో ఇంజన్ నడిస్తేనే హెడ్‌లైటు వెలుగుతుంది. రాత్రి ఇంజన్ ఆపావంటే చప్పుడూ లేదు, లైటూ లేదు. రోడ్డు దాటే ముసలాయనకు నువ్వు వస్తున్నట్టు ఎలా తెలుస్తుంది?

("డౌన్‌లో ఇంజన్ దానంతట అదే ఆగిపోతే ఏం చేయాలి?")

మంచి ప్రశ్న. గేరు తీయొద్దు, తాళం ఆన్‌లోనే ఉంచు. బ్రేకును పంపు కొట్టినట్టు మళ్లీ మళ్లీ నొక్కొద్దు, ఉన్న ఎయిరూ వాక్యూమూ వృథా అవుతాయి. ఒక్కసారి గట్టిగా నొక్కి వదలకుండా పట్టుకో. స్టీరింగ్ బరువెక్కుతుందని ముందే తెలిసి ఉంటే కంగారు ఉండదు, రెండు చేతులతో లాగు. హజార్డ్ లైట్లు వేసి, లోయ వైపు కాకుండా కొండ వైపు ఆపు. బ్రేకులు కాలి పట్టకపోతే ఎంత గేరు పడితే అంత గేరు వెయ్యి, హ్యాండ్ బ్రేకు లాగు, కొండ వైపు మట్టికో కాలువలోకో బండిని తిప్పు. బండి దెబ్బతింటుంది, తిననీ.

ఇప్పుడు ఓనర్లతో మాట. ట్రిప్పుకు ఇంత డీజిల్ అని కట్టి ఇస్తారు. తక్కువైతే డ్రైవరు జీతంలో కోస్తారు, మిగిలితే అది డ్రైవరుది. ఘాట్ ఉన్న రూటుకూ, ఘాట్ లేని రూటుకూ చాలామంది ఒకటే లెక్క కడుతున్నారు. ఎక్కేటప్పుడు తాగిన డీజిల్‌ను దిగేటప్పుడు రాబట్టమని మీరే చెప్పినట్టయింది. న్యూట్రల్ కొట్టేది అతని చెయ్యే, కానీ ఆ చేతిని కదిలించేది మీ లెక్క. ఘాట్ రూటుకు డీజిల్ విడిగా కట్టండి. ఎక్కువ మైలేజీ తెచ్చిన డ్రైవరుకు డబ్బులిచ్చే ముందు అతని బండి లైనర్లు విప్పించి చూడండి. ముందు చూపుతో మిగిల్చినవాడి లైనర్లు ఎక్కువ రోజులు వస్తాయి. ఘాట్‌లో దొర్లించి మిగిల్చినవాడి డ్రమ్ములు నీలం రంగుకు తిరిగి, సన్నని పగుళ్లతో ఉంటాయి. రెండోవాడికి బహుమతి ఇవ్వకండి, పిలిచి కూర్చోబెట్టి మాట్లాడండి, ఎగ్జాస్ట్ బ్రేకు పనిచేస్తోందో లేదో అడగండి. చాలా బండ్లలో అది పాడై ఉంటుంది, బాగు చేయించమని డ్రైవరు అడిగినా వాయిదా పడుతూ ఉంటుంది. ముందు అది చేయించండి.

బయట యార్డులో బస్సు నిలబెట్టి, చెక్కలు పెట్టించాను. ఎయిర్ నిండుగా ఉంది. ఐదుగురు చొప్పున రండి, ఓనర్లు ముందు రండి.